ఇంగ్లీషులో మర్యాదగా అడగాలంటే: పరోక్ష ప్రశ్నలు కట్టే పద్ధతి

‘వేర్ ఈజ్ ద స్టేషన్?’ అనే ప్రశ్నలో వ్యాకరణ దోషం ఏమీ లేదు. అయినా ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి ఇంగ్లీషులో ఇలా అడిగితే ఎదుటివారికి అది కాస్త గద్దింపులా తగులుతుంది. అదే తెలుగులో ‘స్టేషన్ ఎక్కడండీ?’ అంటే చాలు. చివర ఉన్న ‘అండీ’ పని జరిపించేస్తుంది. ‘చెప్పు’ అనకుండా ‘చెప్పండి’ అంటాం, ‘నువ్వు’ అనకుండా ‘మీరు’ అంటాం. మన మర్యాద చాలావరకు మాటల చివర్లలోనూ సర్వనామాల్లోనూ ఉంటుంది.

ఇంగ్లీషులో ఆ వెసులుబాటు లేదు. ఒకప్పుడు ఉండేది. చనువున్నవారిని ‘దౌ’ అనీ, గౌరవించాల్సినవారిని ‘యూ’ అనీ పిలిచేవారు. 17వ శతాబ్దం ముగిసేసరికి ప్రామాణిక ఇంగ్లీషులో ‘దౌ’ వాడుక తప్పింది. చిన్నవాళ్లకీ పెద్దవాళ్లకీ ‘యూ’ ఒక్కటే మిగిలింది. కాబట్టి ఈ రోజు ఇంగ్లీషు మాట్లాడేవారు మర్యాదను సర్వనామంలో చూపించలేరు, వాక్యాన్ని కట్టే తీరులో చూపిస్తారు. మనవాళ్లు చాలామంది ఈ సంగతి పట్టించుకోక, ‘ప్లీజ్’ తగిలిస్తే మర్యాద వచ్చేసినట్టే అనుకుంటారు.

‘ప్లీజ్ టెల్ మీ వేర్ ఈజ్ ద స్టేషన్’ అనే వాక్యాన్నే చూడండి. ఇందులో రెండు ఇబ్బందులున్నాయి. ‘టెల్ మీ’ అన్నది ఆజ్ఞ. ముందు ‘ప్లీజ్’ చేరితే ఆజ్ఞ మెత్తబడుతుందే తప్ప ప్రశ్న అయిపోదు. రెండోది, ‘వేర్ ఈజ్ ద స్టేషన్’ అనే ముక్కలో పదాల వరస తప్పు. రెండూ సరిచేస్తే ఇలా అవుతుంది: ‘కుడ్ యు టెల్ మీ వేర్ ద స్టేషన్ ఈజ్?’

ఈ వాక్యం పైకి అడుగుతున్నది స్టేషన్ గురించి కాదు, ‘మీరు చెప్పగలరా’ అని. తెలియకపోతే ‘సారీ, ఐ డోంట్ నో’ అని తప్పుకునే దారి అవతలి మనిషికి అందులోనే ఉంది. మర్యాద అంతా ఆ దారి వదలడంలో ఉంది. నేరు ప్రశ్న జవాబు కావాలంటుంది, పరోక్ష ప్రశ్న ముందు అనుమతి అడుగుతుంది.

పదాల వరస: అసలు పట్టు ఇక్కడే

తెలుగులో ఈ పని మనం రోజూ చేస్తూనే ఉంటాం. ‘బస్సు ఎప్పుడు వస్తుంది?’ అన్నది నేరు ప్రశ్న. ‘బస్సు ఎప్పుడు వస్తుందో తెలుసా?’ అన్నది పరోక్ష ప్రశ్న. ‘వస్తుంది’ కాస్తా ‘వస్తుందో’ అయింది. ఆ ‘ఓ’ చేరగానే ప్రశ్న మరో పెద్ద వాక్యంలో భాగమైపోయింది. ఇంగ్లీషులో ‘ఓ’ లాంటి ప్రత్యయం లేదు. దాని బదులు పదాల వరస మారుతుంది. నేరు ప్రశ్నలో సహాయక క్రియ ముందూ, కర్త తర్వాతా వస్తాయి. పరోక్ష ప్రశ్నలో మామూలు వాక్యంలో లాగే కర్త ముందూ, క్రియ తర్వాతా వస్తాయి. తెలుగులో అనుకున్నప్పుడు ‘ఓ’ పడుతుందంటే ఇంగ్లీషులో వరస తిప్పాల్సిందే. ఈ ఒక్క గుర్తు పెట్టుకుంటే సగం తప్పులు పోతాయి.

కట్టే క్రమం ఇది. ముందు నేరు ప్రశ్నను మనసులో అనుకోండి. దాని ముందు ‘కుడ్ యు టెల్ మీ’ లేదా ‘డు యు నో’ లాంటి ఆరంభం పెట్టండి. ‘వేర్, వెన్, వాట్, హౌ’ లాంటి ప్రశ్న పదం ఉంటే దాన్ని అలాగే ఉంచండి. లేకపోతే ఆ చోట ‘ఇఫ్’ పెట్టండి. తర్వాత కర్తను ముందుకు తెచ్చి క్రియను దాని వెనక్కి పంపండి. చివరగా ‘డు, డస్, డిడ్’ ఏవైనా ఉంటే తీసేయండి.

‘ఈజ్, ఆర్, వాజ్, విల్, కెన్, హావ్’ ఉన్న ప్రశ్నలు తేలిక. రెండు పదాలు చోట్లు మార్చుకుంటాయంతే. ‘వెన్ విల్ హి బి బ్యాక్?’ అన్నది ‘డు యు నో వెన్ హి విల్ బి బ్యాక్?’ అవుతుంది. ‘వేర్ కెన్ ఐ పార్క్?’ అన్నది ‘కుడ్ యు టెల్ మీ వేర్ ఐ కెన్ పార్క్?’ అవుతుంది.

తడబాటంతా ‘డు, డస్, డిడ్’ దగ్గరే. ‘వాట్ టైమ్ డస్ ద ట్రైన్ లీవ్?’ అనే ప్రశ్న తీసుకోండి. ‘డస్’ పోవాలి. కానీ ‘డస్’ ఒక పని చేస్తోంది: వర్తమాన కాలంలో ‘హి, షి, ఇట్’ లాంటి ఏకవచన కర్తకు రావాల్సిన ‘ఎస్’ను అదే మోస్తోంది. ‘డస్’ పోగానే ఆ ‘ఎస్’ అసలు క్రియ మీదికి తిరిగి రావాలి. అందుకే ‘డు యు నో వాట్ టైమ్ ద ట్రైన్ లీవ్స్?’ అంటాం. ఇక్కడ రెండు రకాల తప్పులు జరుగుతాయి. కొందరు ‘డస్’ను వదలరు: ‘డు యు నో వాట్ టైమ్ డస్ ద ట్రైన్ లీవ్’. కొందరు తీసేస్తారు గానీ ‘ఎస్’ను మర్చిపోతారు: ‘వాట్ టైమ్ ద ట్రైన్ లీవ్’. రెండోది వరస నేర్చుకున్నవాళ్లు చేసే తప్పు కాబట్టి వదిలించుకోవడం ఇంకా కష్టం. ‘డిడ్’ కూడా అంతే. భూతకాలాన్ని అది మోస్తోంది కనుక అది పోగానే క్రియ భూతకాల రూపానికి మారాలి. ‘వెన్ డిడ్ షి కాల్?’ కాస్తా ‘డు యు నో వెన్ షి కాల్డ్?’ అవుతుంది, ‘వెన్ షి కాల్’ కాదు. వ్యతిరేకార్థంలో మాత్రం ‘డిడంట్, డజంట్’ పోవు, చోటు మారతాయి: ‘వై డిడంట్ ఇట్ వర్క్?’ నుంచి ‘డు యు నో వై ఇట్ డిడంట్ వర్క్?’

అవునో కాదో అని జవాబు వచ్చే ప్రశ్నల్లో ‘వేర్’, ‘వెన్’ లాంటి పదం ఉండదు. అక్కడ ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ రావాలి. ‘ఈజ్ ద లైబ్రరీ ఓపెన్ టుడే?’ అన్నది ‘డు యు నో ఇఫ్ ద లైబ్రరీ ఈజ్ ఓపెన్ టుడే?’ అవుతుంది. తెలుగులో ‘తెరిచి ఉందో లేదో’ అన్నప్పుడు ‘ఓ... లేదో’ చేసే పనే ఇది. మాటల్లో ‘ఇఫ్’ సరిపోతుంది. ‘వెదర్’ రాతకీ, లాంఛనమైన సందర్భాలకీ బాగుంటుంది. కొన్ని చోట్ల ‘వెదర్’ తప్ప ‘ఇఫ్’ కుదరదు: ‘టు’తో మొదలయ్యే క్రియ ముందు (‘ఐయామ్ నాట్ షూర్ వెదర్ టు అప్లై నౌ’), ‘అబౌట్’ లాంటి పదం తర్వాత, వెంటనే ‘ఆర్ నాట్’ వచ్చినప్పుడు (‘వెదర్ ఆర్ నాట్ ఇట్ ఈజ్ ఓపెన్’).

ప్రశ్న పదమే కర్త అయిన ప్రశ్నలు మరో రకం. ‘హూ కాల్డ్?’, ‘వాట్ హ్యాపెన్డ్?’ లాంటి వాటిలో తిప్పడానికి ఏమీ లేదు. అవి ఉన్నవి ఉన్నట్టే లోపలికి వెళ్తాయి: ‘డు యు నో హూ కాల్డ్?’, ‘కుడ్ యు టెల్ మీ వాట్ హ్యాపెన్డ్?’ ఫోనులో వినిపించే ‘మే ఐ ఆస్క్ హూ ఈజ్ కాలింగ్?’ ఈ కోవలోదే. ఇక్కడ ‘హూ’ కర్త. అదే ‘హూ ఈజ్ ద మేనేజర్?’లో కర్త ‘ద మేనేజర్’ కాబట్టి ‘కుడ్ యు టెల్ మీ హూ ద మేనేజర్ ఈజ్?’ అని తిప్పాలి. ‘వాట్ ఈజ్ రాంగ్?’, ‘వాట్ ఈజ్ ద మ్యాటర్?’ అనేవి కూడా మారవు. వరస తిప్పడం బాగా అలవాటైనవాళ్లు ‘కుడ్ యు టెల్ మీ వాట్ రాంగ్ ఈజ్’ అనేస్తుంటారు. అది అతి జాగ్రత్తతో వచ్చే తప్పు.

పుస్తకాలు అంతగా చెప్పని రెండు చిక్కులు

ఒకటి, కుదించిన రూపాలు. మాటల్లో ‘ఇట్ ఈజ్’ను ‘ఇట్స్’ అనీ, ‘హి ఈజ్’ను ‘హీజ్’ అనీ కుదిస్తాం. కానీ పరోక్ష ప్రశ్నలో ఆ ‘ఈజ్’ వాక్యం చివర పడితే కుదించకూడదు. ‘డు యు నో వేర్ ఇట్స్?’ అంటే వినేవారికి వాక్యం మధ్యలో తెగిపోయినట్టు ఉంటుంది. ‘డు యు నో వేర్ ఇట్ ఈజ్?’ అని ‘ఈజ్’ను పూర్తిగా పలకాలి. దాని తర్వాత ఇంకేదైనా పదం ఉంటే కుదించవచ్చు: ‘డు యు నో వై ఇట్స్ లేట్?’ బాగానే ఉంటుంది.

రెండోది, కర్త మరీ పొడుగైనప్పుడు. ‘కుడ్ యు టెల్ మీ వాట్ ద ప్రొసీజర్ ఫర్ రెన్యూయింగ్ ఎ లైబ్రరీ కార్డ్ ఈజ్?’ అన్న వాక్యం నియమం ప్రకారం ఒప్పే. కానీ చివర ఒంటరిగా వేలాడే ‘ఈజ్’ చెవికి ఇబ్బందిగా ఉంటుంది, చెప్పేవారికీ ఊపిరాడదు. ఇలాంటప్పుడు వరసతో కుస్తీ పట్టకండి. కర్తను ‘ఐ’ చేయండి: ‘కుడ్ యు టెల్ మీ వాట్ ఐ నీడ్ టు డు టు రెన్యూ ఎ లైబ్రరీ కార్డ్?’ ఇంకా తేలిక, ‘హౌ టు’ వాడటం: ‘కుడ్ యు టెల్ మీ హౌ టు రెన్యూ ఎ లైబ్రరీ కార్డ్?’ ‘వేర్ ఐ కెన్ ఫైండ్’, ‘హౌ టు గెట్ టు’ అనేవి దారి అడగడంలో ఇలాగే ఆదుకుంటాయి. ఒక జాగ్రత్త: ‘హౌ టు’ పరోక్ష ప్రశ్న లోపల మాత్రమే నిలబడుతుంది. విడిగా ‘హౌ టు గో దేర్?’ అన్నది పూర్తి ప్రశ్న కాదు. నేరుగా అడగాలంటే ‘హౌ డు ఐ గెట్ దేర్?’ అనాలి.

‘అని’ తెచ్చే తంటా

తెలుగులో రెండు ఆలోచనలను కలపడానికి ‘అని’ మనకు ఎప్పుడూ చేతిలో ఉంటుంది. ‘ట్రైన్ ఎప్పుడు వెళ్తుంది అని అడిగాను’ అంటాం. ‘అని’కి ముందు నేరు ప్రశ్నను అలాగే ఉంచవచ్చు, ఎవరూ తప్పనరు. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండు విధాలుగా దెబ్బ తీస్తుంది. ఒకటి, ‘అని’ బదులు ‘దట్’ వచ్చి కూర్చుంటుంది: ‘కుడ్ యు టెల్ మీ దట్ వెన్ ద ట్రైన్ లీవ్స్’. ప్రశ్న పదం ముందు ‘దట్’ ఎప్పుడూ రాదు. రెండోది, నేరు ప్రశ్న వరస చెక్కుచెదరకుండా ఉండిపోతుంది: ‘హి ఆస్క్డ్ మీ వెన్ ఈజ్ ద మీటింగ్’. కాబట్టి తెలుగులో ముందు అనుకుని మాట్లాడే దశలో ఉన్నవారు ‘అని’ వాక్యాన్ని పక్కన పెట్టి ‘ఓ’ వాక్యంతో ఆలోచించడం మేలు. ‘మీటింగ్ ఎప్పుడు అని చెప్పండి’ బదులు ‘మీటింగ్ ఎప్పుడో చెప్తారా’ అని అనుకుంటే ఇంగ్లీషు వరస దానంతటదే దారిలో పడుతుంది.

క్రియల్లో కూడా కొన్ని పడనివి ఉన్నాయి. ‘టెల్’ వెంట ‘మీ’ వస్తుంది, ‘సే’ వెంట రాదు. ‘కుడ్ యు సే మీ’ తప్పు. ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ కూడా తప్పే, ‘కుడ్ యు ఎక్స్‌ప్లెయిన్ హౌ దిస్ వర్క్స్?’ అంటే సరిపోతుంది. మనిషిని చెప్పి తీరాలంటే ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’. ‘సజెస్ట్ మీ’ బదులు ‘కుడ్ యు సజెస్ట్’ చాలు.

ఏ ఆరంభం ఎక్కడ

1978లో పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషా పరిశోధకులు మర్యాద గురించి ఒక సిద్ధాంతం చెప్పారు. ఎంత మెత్తగా అడగాలన్నది మూడింటిని బట్టి ఉంటుందన్నారు: ఇద్దరి మధ్య పరిచయం ఎంత, ఎవరి మీద ఎవరికి ఎంత అధికారం, అడిగే పని ఎంత బరువు. ఆచరణలో మూడోదే ఎక్కువ పని చేస్తుంది. టైమ్ అడగడానికీ, సెలవు రోజున వచ్చి సాయం చేయమనడానికీ ఒకే ఆరంభం సరిపోదు.

‘డు యు నో’, ‘కెన్ యు టెల్ మీ’ తేలికపాటి సమాచారానికి. ‘కుడ్ యు టెల్ మీ’ దాదాపు ఎక్కడైనా చెల్లుతుంది. ఒక్కటే నేర్చుకోవాలనుకుంటే దీన్నే నేర్చుకోండి. ‘వుడ్ యు హ్యాపెన్ టు నో’ అన్నది ‘మీకు తెలిసి ఉండాల్సిన అవసరమేమీ లేదు, ఒకవేళ తెలిస్తే’ అనే భావం ఇస్తుంది కనుక అపరిచితుల దగ్గర బాగుంటుంది. కౌంటర్లో కూర్చుని ఆ సమాచారమే ఇవ్వాల్సిన ఉద్యోగిని అలా అడగడం మాత్రం అతకదు, తెలిసి ఉండటం వారి పనే కదా.

బరువైన కోరికలకు ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ మంచిది. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ లుక్ ఎట్ మై రిపోర్ట్ బిఫోర్ ఫ్రైడే.’ ఇక్కడ ‘వాజ్’ భూతకాలం కాదు, దూరం. ఆలోచన ఇప్పటిదే, కానీ దాన్ని కాస్త వెనక్కి జరిపి చెప్పడం వల్ల ఎదుటివారి మీద ఒత్తిడి తగ్గుతుంది. ‘ఐ వాంటెడ్ టు ఆస్క్’, ‘ఐ వాజ్ హోపింగ్’ కూడా ఇదే పద్ధతిలో పని చేస్తాయి. తెలుగులో ‘ఒక విషయం అడుగుదామనుకున్నాను’ అని మొదలుపెట్టడం లాంటిదే. ఇక్కడ కొందరు పొరబడి లోపలి క్రియను కూడా అవసరం లేకుండా వెనక్కి నెడతారు. ‘కుడ్ యు టెల్ మీ వెన్ ద ట్రైన్ లెఫ్ట్?’ అంటే రైలు వెళ్లిపోయిందని అర్థం. ఇంకా రాబోయే రైలు గురించైతే ‘లీవ్స్’ అనే ఉండాలి. ‘కుడ్’ చూడటానికి భూతకాలంలా ఉన్నా కాలంతో దానికి ఇక్కడ సంబంధం లేదు.

‘వుడ్ ఇట్ బి పాసిబుల్ టు’, ‘ఈజ్ దేర్ ఎనీ ఛాన్స్’ అనేవి నిబంధనలను కాస్త సడలించమని అడిగేటప్పుడు పనికొస్తాయి. మొదటిది లాంఛనం, రెండోది చనువు.

వీటితో పోలిస్తే మనకు అలవాటైన కొన్ని మాటలు గట్టిగా వినిపిస్తాయి. ‘ఐ వాంట్ టు నో’ నిలదీసినట్టుంటుంది. ‘ఐడ్ లైక్ టు నో’ మెరుగే గానీ, దాని వెనక ‘వై’ వస్తే ఫిర్యాదులా మారుతుంది. ‘కైండ్లీ’ పెట్టినంత మాత్రాన ఆజ్ఞ ప్రశ్న అవదు. ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటే బయటి దేశాల వారికి మీ మీద నమ్మకం లేదు అన్నట్టు వినిపించవచ్చు, ‘ఐ హావ్ ఎ క్వశ్చన్’ అనండి. ‘వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?’ బదులు ‘కుడ్ ఐ హావ్ యువర్ నేమ్, ప్లీజ్?’ లేదా ‘మే ఐ ఆస్క్ యువర్ నేమ్?’ వాడండి.

‘వుడ్ యు మైండ్’ దగ్గర ఆగి ఆలోచించండి

‘వుడ్ యు మైండ్’ అంటే ‘మీకేమైనా అభ్యంతరమా’ అని. ఎదుటివారు చేయాల్సిన పనైతే దాని తర్వాత క్రియకు ‘ఇంగ్’ చేరాలి: ‘వుడ్ యు మైండ్ రిపీటింగ్ దట్?’ పని మీరే చేస్తూ అనుమతి అడుగుతుంటే ‘ఇఫ్ ఐ’ వచ్చి, క్రియ భూతకాల రూపం తీసుకుంటుంది: ‘వుడ్ యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్డ్ ద విండో?’ ‘డు యు మైండ్’ అయితే మామూలు రూపం చాలు: ‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఓపెన్ ద విండో?’ ‘వుడ్ యు మైండ్ టు రిపీట్’ అన్నది తప్పు.

జవాబులో ఇంకా జాగ్రత్త అవసరం. సరేనని చెప్పాలంటే ‘నో, నాట్ ఎట్ ఆల్’ అనాలి. ‘యస్’ అంటే అభ్యంతరం ఉందని. తెలుగులో ‘అభ్యంతరమా?’ అంటే ‘లేదు’ అని చెప్పి ఒప్పుకుంటాం కదా, అదే లెక్క. ఇంగ్లీషు వాళ్లలోనూ ‘షూర్, గో అహెడ్’ అనేవాళ్లు ఉన్నారు. తడబడేటట్లుంటే మీరు కూడా ‘షూర్’ అనండి. ఒంటరి ‘యస్’ మాత్రం వద్దు.

‘వై’తో ఎందుకు గొడవలొస్తాయి

‘వై’ ప్రశ్న ఎంత మెత్తగా అన్నా సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘వై డిడ్ యు చేంజ్ ద డేట్?’ను ‘కుడ్ యు టెల్ మీ వై యు చేంజ్డ్ ద డేట్?’ అని మార్చినా పదును పూర్తిగా తగ్గదు, పైగా చల్లని కోపంలా వినిపించే ప్రమాదముంది. ఇక్కడ ఆరంభం మార్చితే చాలదు, ‘యు’ను తప్పించాలి. ‘డు యు నో వై ద డేట్ వాజ్ చేంజ్డ్?’ అంటే వేలు మనిషి వైపు కాక పని వైపు తిరుగుతుంది. ‘కుడ్ యు హెల్ప్ మీ అండర్‌స్టాండ్ వాట్ చేంజ్డ్?’ ఇంకా మెత్తన. ఉద్యోగంలో పైవారితోనూ, కొనుగోలుదారులతోనూ మాట్లాడేవారు ఈ రెండు వాక్యాలను కంఠస్థం చేసుకోవాలి.

వ్యతిరేక రూపంలో మొదలుపెట్టడం కూడా ఇలాంటిదే. ‘డోంట్ యు నో వేర్ ఇట్ ఈజ్?’ అంటే ‘ఆ మాత్రం తెలియదా’ అన్నట్టు. తెలుగులో ‘మీకు తెలియదా అండీ?’ అని మెత్తగా అనగలం గానీ, ఇంగ్లీషులో అది పొడిచినట్టే ఉంటుంది.

సొంత విషయాల గురించి ఒక మాట. జీతం, వయసు, పెళ్లి లాంటివాటిని పరోక్షంగా అడిగినా అవి సొంత విషయాలే. ‘డు యు మైండ్ ఇఫ్ ఐ ఆస్క్ హౌ ఓల్డ్ యు ఆర్?’ వ్యాకరణం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఆ ప్రశ్న అడగదగినది అయిపోదు. అవసరం నిజంగా ఉంటే ఆ అవసరాన్ని ముందు చెప్పి, తర్వాత అడగండి.

పలకడంలో

‘కుడ్ యు’, ‘వుడ్ యు’లను విడివిడిగా, గట్టిగా పలికితే వాక్యం పాఠం అప్పజెప్పినట్టుంటుంది. మామూలు వేగంలో ఇవి ‘కుజు’, ‘వుజు’ అన్నట్టుగా కలిసిపోతాయి. మీరు అలా పలక్కపోయినా ఫర్వాలేదు, కానీ వినేటప్పుడు గుర్తుపట్టాలి. ఆరంభాన్ని తేలిగ్గా, చకచకా పలికి, బరువంతా కావలసిన సమాచారం మీద పెట్టండి: ‘కుడ్ యు టెల్ మీ వాట్ టైమ్ ద ట్రైన్ లీవ్స్’లో ఒత్తు ‘టైమ్’ మీదా ‘లీవ్స్’ మీదా పడాలి. చివర గొంతు కొద్దిగా పైకి వెళ్తే ఆహ్వానంలా ఉంటుంది. ‘డు యు నో వాట్ టైమ్ ఇట్ ఈజ్?’లో ‘నో’ను నొక్కి, చివర గొంతు దించితే, ఆలస్యంగా వచ్చినవారిని మందలించినట్టే. అవే పదాలు, అదే వరస, అర్థం మాత్రం తలకిందులు.

ప్రశ్నకు ముందు ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అని, మనిషి మీ వైపు చూసేదాకా ఒక క్షణం ఆగండి. చాలామంది ఆగకుండా ప్రశ్న మొత్తం ఒక్క ఊపులో అనేస్తారు. అవతలివారు మొదటి సగం వినరు, ‘సారీ?’ అంటారు. దాంతో కంగారుపడి రెండోసారి నేరు ప్రశ్నకే దిగిపోతారు.

రాతలో

ఈమెయిల్లో ఒక ప్రశ్నకు ఒక పరోక్ష వాక్యం చాలు. వరసగా నాలుగు ప్రశ్నలు అడగాల్సి వస్తే, ‘కుడ్ యు ప్లీజ్ లెట్ మీ నో ద ఫాలోయింగ్’ అని ఒక్కసారి మర్యాద చూపించి, కింద నేరు ప్రశ్నలు రాయండి. నాలుగింటికీ ‘ఐ వాజ్ వండరింగ్’ పెడితే చదివేవారికి అసలు ఏం కావాలో దొరకదు.

‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇఫ్ యు కుడ్’ అని రాసే అలవాటు చాలామందికి ఉంది. మధ్యలో ‘ఇట్’ ఉండాలి: ‘ఐ వుడ్ అప్రీషియేట్ ఇట్ ఇఫ్ యు కుడ్ కన్ఫర్మ్ ద డేట్.’ ‘ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్’కు ఆ ‘ఇట్’ అక్కర్లేదు. ‘ప్లీజ్ లెట్ మీ నో వెన్ ఈజ్ ద మీటింగ్’ అన్నది ఆఫీసు మెయిళ్లలో తరచూ కనిపించే తప్పు. ‘వెన్ ద మీటింగ్ ఈజ్’ అనాలి.

విరామ చిహ్నం ఆరంభాన్ని బట్టి ఉంటుంది. ‘కుడ్ యు టెల్ మీ’, ‘డు యు నో’ ప్రశ్నలు కనుక చివర ప్రశ్నార్థకం. ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’, ‘ఐడ్ లైక్ టు నో’ మామూలు వాక్యాలు కనుక చుక్క. చాలామంది ‘వండరింగ్’ వాక్యానికి కూడా ప్రశ్నార్థకం పెడుతున్నారు. లాంఛనమైన రాతలో చుక్కే క్షేమం.

వాడకూడని చోట్లు

మంటలు అంటుకున్నప్పుడు ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ టెల్ మీ వేర్ ద ఎగ్జిట్ ఈజ్’ అనరు. ‘వేర్ ఈజ్ ద ఎగ్జిట్?’ అంటారు. అత్యవసరాల్లో నేరు ప్రశ్న మర్యాదే. దగ్గరి స్నేహితులతో రోజూ ‘వుడ్ యు మైండ్’ అంటుంటే, ఏదైనా కోపమా అని అడుగుతారు. వెనక పెద్ద వరస ఉండగా కౌంటర్ దగ్గర పొడవాటి ఆరంభాలు అందరి సమయం తింటాయి. ‘వన్ టికెట్, ప్లీజ్’ చాలు. ఒకే సంభాషణలో మొదటి ప్రశ్న పరోక్షంగా అడిగాక, తర్వాతి చిన్న ప్రశ్నలు నేరుగా ఉండటం సహజం: ‘కుడ్ యు టెల్ మీ వేర్ ద లైబ్రరీ ఈజ్?’ తర్వాత ‘ఈజ్ ఇట్ ఫార్?’ అని అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

మీరే జవాబివ్వాల్సి వస్తే

‘డు యు నో వాట్ టైమ్ ఇట్ ఈజ్?’ అని ఎవరైనా అడిగితే ‘యస్, ఐ నో’ అని ఊరుకోకూడదు, టైమ్ చెప్పాలి. పైపై ప్రశ్నకు కాదు, లోపలి ప్రశ్నకు జవాబివ్వాలి. తెలియకపోతే ‘ఐయామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ నో’. ఇక్కడ ‘అఫ్రెయిడ్’ అంటే భయం కాదు, ‘క్షమించాలి’ అన్న భావం. మీరు అడిగితే అవతలివారు తెలియదన్నా, ‘నో ప్రాబ్లమ్, థాంక్స్ ఎనీవే’ అనండి.

సాధన చేసే తీరు

ఆరంభాలన్నీ ఒకేసారి మింగాలని చూడకండి. ‘కుడ్ యు టెల్ మీ’, ‘డు యు నో ఇఫ్’, ‘ఐ వాజ్ వండరింగ్ ఇఫ్’ అనే మూడింటితో మొదలుపెట్టండి. ఒక కాగితం మీద మీకు నిజంగా అవసరమయ్యే నేరు ప్రశ్నలు పది రాయండి. వాటిలో ‘ఈజ్’ ఉన్నవి మూడు, ‘డస్’ ఉన్నవి మూడు, ‘డిడ్’ ఉన్నవి రెండు, అవునో కాదో అనేవి రెండు ఉండేలా చూసుకోండి. ఒక్కో దాన్నీ కాగితం మీద కాకుండా నోటితో మార్చండి, ఎందుకంటే రాసేటప్పుడు సరిగ్గా వచ్చే వరస మాట్లాడేటప్పుడు జారిపోతుంది. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. వినేటప్పుడు రెండే చూడండి: ‘డస్, డిడ్’ ఎక్కడైనా మిగిలిపోయాయా, అవి పోయిన చోట క్రియ రూపం మారిందా. ఒక ప్రశ్నలో తప్పు దొరికితే అదొక్కటే వరసగా ఐదుసార్లు సరిగ్గా అనండి, ఆ తర్వాతే ముందుకు వెళ్లండి. పదీ తడబాటు లేకుండా వచ్చాక కొత్త పది రాసుకుని, ఈసారి ‘వుడ్ యు మైండ్’ను కూడా చేర్చండి.